పొద్దున టక్‌టక్, వేడెక్కితే మాయం: మానిఫోల్డ్ గ్యాస్కెట్ సమస్య - పరిష్కారం

పొద్దున్నే స్టార్ట్ చేయగానే టక్‌టక్‌మని సౌండ్. యాక్సిలరేటర్ తొక్కితే సౌండ్ కూడా వేగం అందుకుంటుంది, బండి కాసేపు తిరిగి వేడెక్కాక తగ్గిపోతుంది. ఇది వినగానే టాపెట్ (వాల్వులను తోసే భాగం) సౌండ్ అని తేల్చేసి టాపెట్లు అడ్జస్ట్ చేయించుకుంటారు, ఆయిల్ మారుస్తారు, వారానికి మళ్లీ అదే సౌండ్‌తో వస్తారు. టాపెట్ కవర్ విప్పే ముందు ఒక్క పని చేయండి. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, సిలెన్సర్ చివర మందపాటి గుడ్డతో రెండు మూడు సెకన్లు అడ్డం పెట్టమనండి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగను సిలెన్సర్ పైపులోకి చేర్చే గొట్టాల భాగం) వైపు నుంచి బుస్సుమని సౌండ్ పెరిగితే లీక్ అక్కడే ఉంది. తర్వాత ఇంజన్ ఆపి, హీట్ షీల్డ్ తీసి, టార్చ్ వేసి ఇంజన్ హెడ్డుకీ మానిఫోల్డ్‌కీ మధ్య, గ్యాస్కెట్ ఉండే అతుకు దగ్గర చూడండి, పొగ తన్నిన చోట నల్లటి మసి చార ఉంటుంది. ఇంత చిన్న చెక్‌ని ఎందుకు వదిలేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వేడెక్కితే ఎందుకు తగ్గుతుందంటే, ఇనుము వ్యాకోచించి సందు మూసుకుంటుంది. తగ్గింది కదా అని తిరగొద్దు. ఆ పొగ ఏసీ గాలిలో కలిసి లోపలికి వస్తే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన కూడా ఉండదు, తలనొప్పి వచ్చేదాకా తెలియదు. ఇంకో నష్టం, లీక్ ఆక్సిజన్ సెన్సార్‌కు (పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసేది) ముందు ఉంటే ఆ సందులోంచి బయటి గాలి కూడా లోపలికి పీల్చుకుంటుంది, సెన్సార్ పెట్రోల్ తక్కువైందనుకుంటుంది, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోల్ పెంచుతుంది. మైలేజ్ పడిపోతుంది, చెక్ ఇంజన్ లైట్ వెలుగుతుంది, జనం మంచి సెన్సార్ తీసి పారేస్తారు.

గ్యాస్కెట్ మార్చడం పెద్ద విద్యేం కాదు. ముందు రోజు సాయంత్రమే స్టడ్లకు (మానిఫోల్డ్‌ను హెడ్డుకు పట్టి ఉంచే బోల్టులు) తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి, నట్లు చల్లటి ఇంజన్ మీద చివర్ల నుంచి మధ్యకు వదులు చేయండి, బిగించేటప్పుడు మధ్య నుంచి చివర్లకు, రెండు మూడు విడతల్లో, బిగింపు కొలిచే టార్క్ రెంచ్‌తో. పాతది మళ్లీ వేయొద్దు, సిలికాన్ పేస్ట్ అసలే పూయొద్దు, ఎగ్జాస్ట్ వేడికి అది మాడి రాలిపోతుంది. అల్యూమినియం హెడ్డు మీద వైర్ బ్రష్ పెట్టిన గ్రైండర్ తిప్పారంటే గీతలు పడి కొత్త లీక్ మీరే చేసినట్టు.

అసలు మోసం దీని తర్వాత మొదలవుతుంది. కొత్త గ్యాస్కెట్ వేశాం, సౌండ్ పోయింది, నెల తిరక్కుండా మళ్లీ టక్‌టక్. గ్యాస్కెట్ నాసిరకం అని షాపువాడితో గొడవపడి ఇంకోటి తెచ్చి వేస్తారు, అదీ పోతుంది. తప్పు గ్యాస్కెట్‌ది కాదు, మానిఫోల్డే వంగింది. గువ్వలచెరువు ఘాట్ లాంటి ఎక్కుడు దారిలో ఫుల్ లోడుతో, ఏసీ వేసుకుని లాగించినప్పుడు మానిఫోల్డ్ విపరీతంగా కాలుతుంది, సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది, ఏళ్ల తరబడి ఇదే వరస. పైగా మన వైపు ఎండాకాలంలో హైవే మీద నుంచి నేరుగా వాటర్ సర్వీసింగ్‌కు తీసుకెళ్లి సలసలా కాగుతున్న ఇంజన్ మీద చల్లటి నీళ్లు కొట్టిస్తారు. పోత ఇనుము ఆ దెబ్బకు పగులుతుంది కూడా. దయచేసి ఆ పని మానేయండి, బానెట్ తెరిచి బాగా చల్లారనివ్వండి.

వంపు ఉందో లేదో పాత గ్యాస్కెటే చెబుతుంది, విప్పిన వెంటనే చెత్తలో వేయకండి. వెలుతురులో పట్టుకుని చూడండి. మధ్య పోర్టుల (పొగ వెళ్లే రంధ్రాల) చుట్టూ ఉబ్బు అంచు అణిగి శుభ్రంగా మెరుస్తూ, చివరి పోర్టు దగ్గర మాత్రం అణగకుండా, దాని మీదుగా బయటికి మసి ఈకలా పాకి ఉంటే, ఆ చివర మానిఫోల్డ్ ఆనడం లేదన్నమాట. చివరి స్టడ్ విరిగి ఉండటం కూడా ఇదే కథ. సాగుడు ఎక్కువ ఉండేది చివర్లలోనే కాబట్టి ముందు విరిగేది అదే, స్టడ్ ఒక్కటి మార్చి ఊరుకుంటే మళ్లీ విరుగుతుంది. ఇక కొలవాలి. కొందరు నాపరాయి బండ మీద పెట్టి ఊగుతోందా అని చూస్తారు, అది చాలదు, బండే సమంగా ఉండదు. స్ట్రెయిట్ ఎడ్జ్‌ని (వంకర లేని ఇనుప బద్ద) అన్ని పోర్టుల మీదుగా పొడవునా, తర్వాత ఐమూలగా ఆనించి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చండి. మీ బండి మాన్యువల్‌లో లిమిట్ ఉంటుంది. అంతకు మించి దూరితే లేత్ షాపులో ఫేసింగ్ కొట్టించండి (ముఖం చదును చేయించడం), అన్ని పోర్టులూ ఒకే బిగింపులో కొట్టమని గట్టిగా చెప్పండి, విడివిడిగా కొడితే వంకర వంకరగానే ఉంటుంది. హెడ్డు వైపు కూడా అలాగే కొలవడం మరిచిపోవద్దు. స్టడ్లు, నట్లు కొత్తవి వేసి, రెండు రోజులు తిరిగాక, ఇంజన్ చల్లారినప్పుడు టార్క్ ఒకసారి చూసుకోండి.

ఐడిల్‌లో ఆర్‌పీఎం పైకీ కిందికీ ఊగుతూ, ఇంజన్ వణుకుతూ, రేస్ ఇస్తే సర్దుకుంటోందా? అయితే చూడాల్సింది గాలి లోపలికి వెళ్లే ఇంటేక్ వైపు. అక్కడ కూడా గ్యాస్కెట్ కంటే ముందు రబ్బరు పైపులు చూడండి, బ్రేక్ బూస్టర్‌కు వెళ్లేదీ, పీసీవీదీ (ఇంజన్ లోపలి ఆవిరిని ఇంటేక్‌లోకి పంపేది). మన ఎండలకు అవి మడత దగ్గర సన్నగా పగులుతాయి, వేలితో వంచితేగానీ కనపడవు. పైపులు బాగుంటే గ్యాస్కెట్ అంచు వెంబడి సన్నగా నీళ్లు స్ప్రే చేయండి, ఐడిల్ మారిన చోట లీక్. కార్బొరేటర్ క్లీనర్ కొట్టి చూసే అలవాటు ఉంటే మానుకోండి, పక్కనే వేడి ఎగ్జాస్ట్ ఉంటుంది, అంటుకుంటుంది.

మిగతావి అరుదు. సిలెన్సర్ రబ్బరు తెగి బరువంతా మానిఫోల్డ్ మీద వేలాడటం, ఇంజన్ మౌంటింగ్ పోవడం, ఒక చూపు చూస్తే తెలిసిపోతుంది. కొన్ని కొత్త ఇంజన్లలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ హెడ్డులోనే కలిసి ఉంటుంది, వాటిలో మసి చార వెతకాల్సింది కిందికి, టర్బో లేదా క్యాటలిటిక్ కన్వర్టర్ కలిసే అతుకు దగ్గర.