వరద తర్వాత ఇల్లు – 4వ పాఠం: గోడ మీద తెల్లది ఉప్పా, బూజా?

ఈసారి తలుపులు, బీరువాల సంగతి రాస్తానని మాట ఇచ్చాను. అది వచ్చే వారానికి పోయింది. మూడో పాఠం చదివి గోడలు కడిగిన వారు చాలామంది ఒకే కబురు పంపారు: "మీరు చెప్పినట్టే బ్లీచింగు నీళ్లతో తుడిచాం. నాలుగు రోజులకు తెల్లది రెట్టింపు లేచింది." తప్పు నాదే. "తెల్లగా కనిపిస్తే తుడవండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఆ తెల్లది రెండు రకాలన్న సంగతి నాకు తెలుసు కాబట్టి మీకూ తెలిసే ఉంటుందనుకున్నాను.

ఒకటి ఉప్పు. ఇటుకలో, సిమెంటులో, ఇసుకలో ఉండే లవణాలు లోపలి తడిలో కరుగుతాయి. ఆ తడి గోడ పైకి వచ్చి ఆరిపోతే పొడిగా మిగులుతాయి. రెండోది బూజు, అది ప్రాణమున్నది, పెరుగుతుంది. తేడా తెలుసుకోవడానికి చాలా మటుకు ఒక్క నీటి చుక్క చాలు. వేలితో పెట్టి చూడండి. కరిగి మాయమైతే ఉప్పు, నలిగి అంటుకుంటే బూజు. తలుపు చెక్క మీదో పరుపు మీదో కనిపిస్తే చుక్కతో కూడా పనిలేదు, అది బూజే.

ఉప్పును పొడి బ్రష్షుతోనే దులపాలి. కింద పాత పేపరు పరిచి, రాలిన పొడిని బయట పారేయాలి. నీళ్లు తగిలితే అది కరిగి మళ్లీ గోడలోకే పోతుంది, ఆరగానే తిరిగి వస్తుంది. మీకు జరిగింది ఇదే. బూజుకు ఈ పద్ధతి పనికిరాదు. పొడిగా దులిపితే ఇల్లంతా ఎగిరి మీ ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ముక్కుకు మాస్కు కట్టుకుని, ముందు తడిగుడ్డతో తీసి, తర్వాత బ్లీచింగు తేటతో తుడవండి. కొలతలు రెండో పాఠంలో ఉన్నాయి, మళ్లీ రాయను. మరుగుదొడ్డి కడిగే యాసిడ్ అందులో కలపకూడదని మాత్రం ఎన్నిసార్లైనా రాస్తాను. కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది.

ఇక నాకు ఒళ్లు మండే విషయం: సంక్రాంతి రంగులు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు వానలు దంచేదే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పండగేమో జనవరి నడిమికి. మురికి గోడలతో పండగ ఎలాగని అందరికీ తొందరే. నేనూ పడ్డాను. పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయిన 2021 నవంబరు పెన్నా వరదలో, కోవూరులోని మా ఇంట్లో మోకాటి లోతు నీళ్లు నిలిచాయి. చుట్టాలు వస్తారని గోడకు పుట్టీ పెట్టించి, పైన ఎమల్షన్, అంటే ప్లాస్టిక్ రంగు, వేయించాను. పండగ నాడు అందరూ మెచ్చుకున్నారు. మార్చికి బుడగలు, ఉగాదికి పెచ్చులు. అదీ నీటి గీత దగ్గర కాదు, దానికి జానెడు పైన. ఇటుక ఒత్తిలాంటిది, నీళ్లు ఎంత ఎత్తున నిలిస్తే అంతకంటే పైకి పీల్చుకుంటుంది. చేతికి పొడిగా తగిలినా తొమ్మిదంగుళాల గోడ నడుమ తడి అలాగే ఉంటుంది. ప్లాస్టిక్ రంగు వేస్తే ఆ తడి బయటికి వచ్చే దారి మూసినట్టే. లోపలి నుంచి తోసి రంగునే ఊడగొడుతుంది. పండగకు తప్పదంటే పల్చగా సున్నం వేయండి, దాని గుండా తడి పోతుంది. పాతకాలం మనిషినని నవ్వుకున్నా సరే.

ఆరిందో లేదో తేల్చడానికి అడుగు చదరం పాలిథిన్ కాగితం గోడకు ఆనించి, నాలుగు అంచులూ టేపుతో మూసి, ఒక రోజంతా వదిలేయండి. కాగితం లోపలి వైపు చెమట పడితే గోడ తడి. బయటి వైపు పడితే గదిలో గాలి తడి. టేపే అంటుకోకపోతే జవాబు అప్పుడే వచ్చేసింది.

గాలి తడిదైతే ముసురు రోజున కిటికీలు తీసి లాభం లేదు. ఎండ కాసిన పూట టేబుల్ ఫ్యాన్‌ను కిటికీలో పెట్టి, ముఖం బయటికి తిప్పి, ఎదుటి తలుపు తెరవండి. బీరువాను గోడకు మూరెడు దూరం జరపండి. అడుగు పట్టీ టైళ్లను వేలి కణుపుతో తట్టండి. డొల్ల మోత వస్తే వెనక నీళ్లు ఉండొచ్చు, ఊడదీయించాల్సిందే.

సముద్రం వైపు ఊళ్లలో ఉప్పునీటి రొయ్యల గుంటలు తెగి ఆ నీళ్లు ఇంట్లోకి వచ్చి ఉంటే ఇదంతా చాలదు. ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది కాబట్టి ఆ గోడ ప్రతి వానకూ మళ్లీ చెమరుస్తుంది. అక్కడ ప్లాస్టరింగు చెక్కించి కొత్తది వేయించడమే నాకు తెలిసిన దారి.

అభ్యాసం: ప్రతి గదిలో ఒక గోడకు మూడు కాగితాలు అంటించండి. ఒకటి నేలకు జానెడు పైన, ఒకటి నీటి గీత మీద, ఒకటి దానికి మూరెడు పైన. నాలుగు రోజులకు ఒకసారి చొప్పున నెల రోజులు చూసి తేదీలతో రాసిపెట్టండి. మూడూ వరసగా రెండుసార్లు పొడిగా రాకుండా రంగుల కొట్టు గడప ఎక్కకండి. టేపు నిలవడం లేదని బంక మాత్రం రాయకండి, గత ఏడాది ఒకరు ఆ పని కూడా చేశారు.