సీ-ఆర్మ్ ఆన్ చేసే ముందు ఇవి చూసుకోండి

వరంగల్, హనుమకొండ ఆసుపత్రుల్లో ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నీషియన్లుగా కొత్తగా చేరుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం రాస్తున్నా. సీ-ఆర్మ్ అంటే ఆపరేషన్ జరుగుతుండగానే ఎముకను తెర మీద చూపించే ఎక్స్-రే యంత్రం. తొడ ఎముకలో రాడ్ వేసే కేసు అనుకోండి. సీ-ఆర్మ్ ముందు నుంచీ, పక్క నుంచీ అడ్డు లేకుండా తిరుగుతుందో లేదో డ్రేపింగ్‌కు, అంటే పేషెంట్ మీద స్టెరైల్ గుడ్డలు కప్పడానికి ముందే చూసుకోవాలి, తర్వాత తెలిస్తే అందరికీ టెన్షనే.

ఒక షాట్ (ఎక్స్-రే బొమ్మ) తీసి, తెర మీద కుడి ఎడమలు సరిగ్గా ఉన్నాయో లేదో డాక్టర్‌తో కలిసి చూడండి. ఒకసారి మేం పనిచేసిన చోట బొమ్మ తిరగబడి ఉంది, రాడ్‌కు దారి చూపే గైడ్ వైర్‌ను ఇటు జరిపితే తెర మీద అటు పోయింది, అది గుర్తుపట్టేలోపు నాలుగైదు షాట్లు వృథా. స్క్రూ ఒక్క బొమ్మలో బాగా కనిపించిందని నమ్మొద్దు, అందులో లోతు తెలియదు, పక్క నుంచీ చూడాల్సిందే.

ఆడ పేషెంట్ అయితే గర్భం సంగతి ముందే అడగాలి, మొహమాటం వద్దు.

ఎక్స్-రే వచ్చే ట్యూబ్ టేబుల్ కింద, దాన్ని అందుకుని బొమ్మ చేసే డిటెక్టర్ పైన పేషెంట్‌కి దగ్గరగా ఉండాలి. మీకు లెడ్ ఆప్రాన్, థైరాయిడ్ కాలర్, ఆప్రాన్ లోపల ఛాతీ దగ్గర టీఎల్‌డీ బ్యాడ్జి (మీకు తగిలిన రేడియేషన్‌ను కొలిచేది) ఉండాలి. ఆప్రాన్‌ను మాత్రం దయచేసి మడిచి కుర్చీ మీద పడేయకండి, లోపలి షీటు పగిలినా బయటికి తెలియదు, హ్యాంగర్‌కే తగిలించండి. షాట్ తీసేటప్పుడు ఒకడుగు వెనక్కి జరగండి, దూరం రెట్టింపైతే మీకు తగిలే రేడియేషన్ డోసు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది.