రోడ్డు పైసల లెక్క ఆర్టీఐల ఎట్ల అడగాలె

గల్లీల సీసీ రోడ్డు ఏసిన ఏడాదికే కంకర తేలిందనుకోండి, మనోళ్లు ఏం జేస్తరు, వాట్సాప్ గ్రూపుల ఫోటో పెట్టి నాలుగు తిట్లు తిడ్తరు, జర ఓపికున్నోళ్లు సోమవారం ప్రజావాణికి పోయి అర్జీ ఇచ్చొస్తరు. అర్జీ ఇయ్యొద్దని నేను అంటలేను, ఇయ్యండి. కానీ అర్జీల మనం "సార్ జర చూడుండ్రి" అని బతిమాలుతం, ఆర్టీఐల, అంటే సమాచార హక్కు చట్టం కింద, మన పైసల లెక్క మనం అడుగుతం. దీనికి 30 రోజుల గడువు చట్టంలనే ఉంది, సరైన కారణం లేకుండ దాటేసిన ఆఫీసరుకు రోజుకు 250 చొప్పున 25 వేల దాక జరిమానా పడొచ్చు, అది కట్టాల్సింది కూడ ఆయనే, సర్కారు కాదు. చట్టం 2005 అక్టోబర్ 12 నుంచి అమల్ల ఉంది, ఇరవై ఏండ్లు దాటిపాయె, అయినా వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి దిక్కు ఆర్టీఐ అంటే విలేకర్లు, లీడర్లు పెట్టేదనే ఇంకా చాలామంది అనుకుంటరు. అందుకే ఒక రోడ్డునే పట్టుకొని మొదటి నుంచి చివరి దాక చెప్త, పింఛను అయినా చెరువు అయినా పద్ధతి ఇదే.

ముందు అందరు ఆగమయ్యే కాడికే వద్దాం. "మా వాడల రోడ్డు ఎందుకు నాసిరకంగ ఏసిన్రు, దీనికి బాధ్యులెవరు, వాళ్ల మీద ఏం చర్య తీసుకుంటరు" అని రాసి ఇస్తరు. నెల అయినంక ఒక్క లైన్ల జవాబు వస్తది, మీరు అడిగింది సమాచారం కిందికి రాదు అని. కోపం వస్తది గని ఆ జవాబుల తప్పు లేదు. ఆఫీసుల ఉన్న రికార్డు ఇచ్చుడే పౌర సమాచార అధికారి పని, అదే మనం పీఐఓ అంటం, ఆయన అభిప్రాయం చెప్పాలె, లేని కాగితం తయారు చేసియ్యాలె అని చట్టంల లేదు, 2011ల సుప్రీంకోర్టు కూడ ఆదిత్య బందోపాధ్యాయ్ కేసుల ఇదే చెప్పింది. అందుకే "ఎందుకు" అనే మాట దరఖాస్తుల నుంచి తీసెయ్యండి. ఏ కాగితం కావాల్నో దాని పేరు పెట్టి అడగండి. పేరు తెలుస్తే సగం పని అయినట్టే.

రోడ్డుకు ఏమేం కాగితాలుంటయి? పని మంజూరైన ఉత్తర్వు, ఎస్టిమేట్, కాంట్రాక్టరుతోని చేసుకున్న అగ్రిమెంట్, ఎం-బుక్, చెల్లించిన బిల్లులు, క్వాలిటీ కంట్రోల్ టెస్ట్ రిపోర్టులు. అగ్రిమెంట్ల ఎన్నేండ్ల దాక రిపేర్ కాంట్రాక్టరే చెయ్యాలెనో రాసుంటది, అది దొరికితే ప్రజావాణి అర్జీకి కూడ బలం వస్తది. కానీ వీటన్నిట్ల అసలుది ఎం-బుక్. పని జరిగినంక ఇంజినీరు కొలిచి రాసే పుస్తకం అది, బిల్లు దాని మీదనే తయారయితది. ఒక్కో పనికి పొడవు, వెడల్పు, మందం గడులుంటయి, చివర్ల మొత్తం పరిమాణం. ఉదాహరణకు ఎం-బుక్కుల 120 మీటర్ల పొడవు, 3.6 మీటర్ల వెడల్పు, 0.15 మందం అని ఉందనుకోండి, గుణిస్తే 64.8 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు. మీరు టేపు పట్టుకొని పోయి కొలిస్తే వెడల్పు మూడు మీటర్లే వచ్చింది, అంటే పడ్డది 54. మిగిలిన 10.8 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు బిల్లుల ఉంది, భూమ్మీద లేదు. ఇగ దీనికి ఎవ్వరినీ తిట్టాల్సిన పని లేదు, రెండు నెంబర్లు పక్కపక్కన పెడితే చాలు.

దరఖాస్తు తెల్లకాగితం మీద తెలుగులనే రాయొచ్చు, వకీలు అవసరం లేదు. ఇంచుమించు ఇట్ల:

"పౌర సమాచార అధికారి గారికి. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు. ఫలానా కాలనీల ఫలానా ఇంటి కాడి నుంచి ఫలానా గుడి దాక వేసిన సీసీ రోడ్డు పనికి సంబంధించి ఈ కింది రికార్డుల ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వగలరు. ఒకటి, మంజూరు ఉత్తర్వు, ఎస్టిమేట్. రెండు, అగ్రిమెంట్. మూడు, ఎం-బుక్కులో ఈ పనికి సంబంధించిన పేజీలన్నీ. నాలుగు, చెల్లించిన బిల్లులు, తేదీలతో. అయిదు, క్వాలిటీ టెస్ట్ రిపోర్టులు." కింద పేరు, అడ్రస్, తేదీ, సంతకం. అంతే.

ఏ రోడ్డో, ఏ సంవత్సరమో స్పష్టంగ రాయండి. "గత పదేండ్లల కార్పొరేషన్ల జరిగిన అన్ని పనుల వివరాలు" అని రాస్తే వాళ్లకు తప్పించుకునే సందు మీరే ఇచ్చినట్టు, సిబ్బంది సమయం అంతా దీనికే పోతదని చెప్పి ఆఫీసుకొచ్చి మీరే చూసుకోండి అంటరు. చిన్నగ అడగండి, కావాలంటే ఇంకోటి పెట్టొచ్చు.

ఎవరికి ఇయ్యాలె అనే కాడ మన దగ్గర ఇంకో లొల్లి. 2021ల వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, రూరల్ జిల్లా వరంగల్ అయింది, గ్రేటర్ కార్పొరేషనేమో రెండు దిక్కులా ఉంది. రోడ్డు కార్పొరేషన్ ఏసిందా, కుడా (కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ) ఏసిందా, ఆర్ అండ్ బీదా, పంచాయతీరాజ్‌దా అనేది మామూలు మనిషికి ఎట్ల తెలుస్తది? తెల్వకున్నా ఫికర్ లేదు. మీకు దగ్గరనిపించిన ఆఫీసుల ఇయ్యండి, అది వాళ్లది కాకపోతే 5 రోజుల లోపల వాళ్లే అసలు ఆఫీసుకు పంపి మీకు లెటర్ రాయాలె, సెక్షన్ 6(3). "మాది కాదు, అవుతలి ఆఫీసుకు పోండి" అని చేతుల పెట్టి వాపస్ పంపుడు చట్టంల లేదు. ఊర్లయితే పంచాయతీ కార్యదర్శిని అడిగితే సరిపోతది. కాజీపేట రైల్వే సంగతులు, పోస్టాఫీసు, నేషనల్ హైవే లాంటివి సెంట్రల్ గవర్నమెంటువి, వాటికి సెంట్రల్ ఆన్‌లైన్ పోర్టల్ ఉంది, ఇంట్ల కూసొని పెట్టొచ్చు. అదే పోర్టల్ల మున్సిపాలిటీ ముచ్చట అడిగితే ఫీజు పోతది, పని కాదు.

ఫీజు అంటే భయపడొద్దు. ఊరి స్థాయి ఆఫీసుకు ఏం లేదు, మండలం ఆఫీసుకు 5 రూపాయలు, ఆపైన 10. నగదు కట్టి రశీదు తీసుకోవచ్చు, పోస్టల్ ఆర్డర్ పెట్టొచ్చు, అన్నిటికంటే ఈజీ కోర్టు ఫీ స్టాంపు అంటించుడు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నోళ్లకు ఫీజు లేదు, తెల్ల రేషన్ కార్డు జిరాక్స్ పెట్టండి చాలు. నకళ్లకు మామూలు సైజు పేజీకి 2 రూపాయలు. ఎన్ని పేజీలయితయో, ఎంత కట్టాల్నో వాళ్లు లెటర్ రాస్తరు, ఆ లెటర్ పంపిన రోజు నుంచి మీరు పైసలు కట్టే దాక మధ్య రోజులు 30లల్ల లెక్కకు రావు, అందుకే లెటర్ రాంగనే కట్టెయ్యండి. 30 రోజులు దాటినంక ఇస్తే మాత్రం పేజీకి పైస తీసుకోవద్దు, ఫ్రీగ ఇయ్యాలె, చాలామంది తెల్వక కడ్తరు.

ఆఫీసుకు పోయి ఇస్తే రెండు కాపీలు తీసుకపోండి, ఒకదాని మీద ఇన్వార్డు ముద్ర, తేదీ పడాలె. ఇక్కడనే నాటకం మొదలయితది, "సారు మీటింగుకు పోయిండు, రేపు రా" అంటరు, "ఆధార్ ఏది" అంటరు, "నీకెందుకయ్యా ఇది" అంటరు. దేనికి కావాల్నో చెప్పాల్సిన అవసరం లేదు, మీతోని ఉత్తరప్రత్యుత్తరాలకు కావాల్సిన వివరాలు తప్ప ఇంకేం అడగొద్దని సెక్షన్ 6(2)ల ఉంది. కౌంటర్ కాడ గొడవ పడకుండ, తీసుకోకపోతే సీదా పోస్టాఫీసుకు పోయి స్పీడ్ పోస్ట్ చెయ్యండి, రశీదు, డెలివరీ అయినట్టు కాగితం దాచుకోండి, ముద్ర కంటే అదే గట్టి సాక్ష్యం. రాయరానోళ్లు నోటితోని చెప్తే పీఐఓనే రాయడానికి సాయం చెయ్యాలె, పింఛను ఎందుకు ఆగిందో తెల్వక తిరిగే ముసలోళ్లకు ఇది చెప్పాలె, వాళ్లు అడగాల్సింది "నా దరఖాస్తు ఫైలు మీద ఇప్పటిదాక ఏ తేదీన ఎవరు ఏం రాసిన్రో ఆ పేజీల నకలు" అని.

కాగితాలు మస్తుగుంటే నకళ్లు కాకుండ ఫైలు చూస్తమని అడగండి. మొదటి గంట ఫీజు లేదు. ఫైలు చూసి కావాల్సిన పేజీలే గుర్తుపెట్టుకొని తీసుకోవచ్చు. సెక్షన్ 2(జె) ప్రకారం పని జరిగిన చోటు చూసుడు, సామాను శాంపిల్ తీసుకునుడు కూడ హక్కే, ఇది చానా మందికి తెల్వదు, కాంట్రాక్టర్లకైతే అస్సలు తెల్వొద్దని ఉంటది.

ఇగ ఇయ్యము అంటే? ఎక్కువ వాడేది సెక్షన్ 8(1)(జె), వ్యక్తిగత సమాచారం అని. 2023 డేటా రక్షణ చట్టంతోని ఈ సెక్షన్‌ను మార్చిన్రు, ముందు దాంట్లనే ప్రజా ప్రయోజనం చూడాలె అనే మాట ఉండేది, అది తీసేసి మొత్తం వ్యక్తిగత సమాచారం అనే ఒక్క మాట పెట్టిన్రు. నా లెక్కల ఇది చట్టం నడుము మీద కొట్టిన దెబ్బనే. అయినా సెక్షన్ 8(2) అట్లనే ఉంది, దాచితే అయ్యే నష్టం కంటే బయటపెడితే జనానికి మేలు ఎక్కువుంటే ఇయ్యొచ్చని, అప్పీలుల దాన్ని రాయండి. రోడ్డు బిల్లు ఎవరి సొంత ముచ్చట కాదు. ఒక పేజీల ఇయ్యరానిది ఏమన్న ఉంటే అంతవరకు కప్పేసి మిగతాది ఇయ్యాలె, సెక్షన్ 10.

30 రోజులల్ల జవాబు రాకున్నా, అడ్డదిడ్డం జవాబు వచ్చినా అదే ఆఫీసుల పైఆఫీసరుకు మొదటి అప్పీలు, దానికి ఫీజు లేదు, 30 రోజుల లోపల పెట్టాలె. ఆయన పేరు, హోదా ఆఫీసు గోడ మీద బోర్డుల ఉండాలె, లేకపోతే కవర్ మీద "మొదటి అప్పీలు అధికారి" అని హోదా రాసి పంపండి. ఆయన 30 రోజులల్ల, మరీ అయితే 45 రోజులల్ల తేల్చాలె. చానా కేసులు ఇక్కడనే తెగుతయి, పైఆఫీసరుకు జరిమానా గొడవ తన కిందోనికి రావద్దని ఉంటది కద. అక్కడ కూడ కాకపోతే 90 రోజుల లోపల హైదరాబాద్‌ల రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఇక్కడ ఓపిక కావాలె, 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాక కమిషన్ల ఒక్క కమిషనర్ కూడ లేడు, అప్పటి అప్పీళ్లన్నీ గుట్టలు పడ్డయి. జరిమానాలేసే కుర్చీనే రెండేండ్లు ఖాళీగ పెడితే కింద ఆఫీసుల భయం ఏముంటది మీరే చెప్పండి.

ఈ చట్టం ఢిల్లీల ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. రాజస్థాన్ల కూలోళ్లు మస్టర్ రోల్, అంటే కూలోళ్ల హాజరు, కూలి రాసే పట్టిక, చూపియ్యమని కొట్లాడిన్రు, 1994ల మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఊర్ల టెంటు ఏసి ఆ లెక్కలు జనం ముందట చదివింది, పని చెయ్యనోళ్ల పేర్లు కూడ కూలి తీసుకున్నట్టు అండ్ల ఉన్నయి. మన ఊర్లల్ల ఉపాధి హామీ సామాజిక తనిఖీ జరుగుతది చూడండి, అది ఆ దారిదే. అంటే ఫైలు ఆఫీసరుది కాదు, ఆయన దానికి కావలి మాత్రమే, చూపిస్తే మనకు మేలు చేసినట్టు కాదు, దాచితే సొమ్ము పట్టుకున్నట్టు.

అదే లెక్క మనకు కూడ వర్తిస్తది. ఆర్టీఐ కార్యకర్త అని కార్డు కొట్టించుకొని, ఎం-బుక్ తీసుకపోయి కాంట్రాక్టరుతోని బేరం మాట్లాడేటోళ్లు మన దిక్కు లేరని ఎవ్వరం అనలేం. అట్లాంటోడు ఒక్కడి వల్ల రేపు పింఛను ఫైలు అడిగిన ముసలామెను కూడ కౌంటర్ల అనుమానంగ చూస్తరు. అందుకే పెడితే కాలనీల నలుగురు కలిసి పెట్టండి, నలుగురి పేర్ల మీద వేర్వేరుగ, వచ్చిన కాగితాలు నలుగురి ముందట తెరవండి, ఒక్కని మీద ఒత్తిడి కూడ తగ్గుతది. కొలతల తేడా కనిపిస్తే గ్రామసభల గాని డివిజన్ మీటింగుల గాని చదివి, రాతపూర్వకంగ కమిషనర్‌కో కలెక్టర్‌కో ఫిర్యాదు ఇచ్చి దానికి కూడ ముద్ర తీసుకోండి. గ్రూపుల ఫోటో పెట్టేముందు కూలోళ్ల ఫోన్ నెంబర్లు, బ్యాంకు ఖాతా నెంబర్లు, ఆధార్ ఉన్న లైన్లు నల్లగ కొట్టెయ్యండి, కొలతలు, మొత్తాలు, సంతకాలు, తేదీలు మాత్రం ఉంచండి.