చూర్ణం అడిగినా, కషాయం అడిగినా ముందు చీటీ చూడండి

“వేరే మందులేమైనా వాడుతున్నారా?” అని మందుల షాపుకొచ్చినవాళ్లను అడిగితే చాలామంది లేదనే అంటారు. కాకరకాయ రసం, తిప్పతీగ కషాయం, ఊళ్లో ఎవరో ఇచ్చిన పసరు వాళ్ల లెక్కలో మందులు కావు. అందుకే విడివిడిగా అడగాలి: “పొద్దున్నే పరగడుపున ఏం తాగుతారండీ? చూర్ణం, లేహ్యం ఏమైనా ఉందా? రోజుకెంత? ఎన్నాళ్ల నుంచి?” ఆ జవాబునూ డాక్టరు చీటీనీ పక్కపక్కన పెట్టి చూశాకే డబ్బా చేతికివ్వండి.

మందుల షాపులో ఎక్కువగా ఎదురయ్యేది షుగరు వ్యవహారం. షుగరు తగ్గించే గ్లిమెపిరైడ్ బిళ్ల వేసుకునేవాళ్లు పొడపత్రి చూర్ణమో, కాకర రసమో మొదలుపెడితే రెండూ కలిసి షుగర్‌ను మరీ దించేయవచ్చు. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగితే వెంటనే మీటర్‌తో చూసుకోమనండి. 70 mg/dL కంటే తక్కువుంటే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. మీటరు లేకపోతే ఆగకుండా చక్కెర నీళ్లు తాగేయాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. చూర్ణం పనిచేస్తోందని బిళ్ల మానేసేవాళ్లూ ఉంటారు. మోతాదు మార్చాల్సింది డాక్టరేనని గట్టిగా చెప్పండి.

అతిమధురం ఎక్కువ రోజులు వాడితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. ఒంట్లో నీరు తీసే ఫ్రూసెమైడ్ వాడేవారికి అది మరీ ప్రమాదం. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మీదున్నవారికి వెల్లుల్లి క్యాప్సూల్స్, థైరాయిడ్ బిళ్ల వేసుకునేవారికి అశ్వగంధ డాక్టరుకు చెప్పకుండా వద్దు. ఇసబ్‌గోల్ అయితే గ్లాసు నిండా నీళ్లతో, మిగతా మందులకు రెండు గంటల ఎడంతో.

అన్నిటికంటే భయపడాల్సింది పేరూ లైసెన్స్ నంబరూ లేని కీళ్లనొప్పుల పొట్లం. రెండు రోజుల్లో నొప్పి పోయింది, ఆకలి పెరిగింది, ముఖం ఉబ్బింది అంటే అందులో స్టెరాయిడ్ కలిపారేమోనని అనుమానించాలి. వారాల తరబడి వాడినవారితో “ఈ పూటే మానేయండి” అనకండి. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికే తగ్గిపోయి ఉంటుంది. ఉన్నట్టుండి ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పొట్లంతో సహా అదే రోజు డాక్టరు దగ్గరికి పంపండి.

గర్భిణులకు, పసిపిల్లలకు భస్మాలు షాపులో అడగ్గానే ఇచ్చేయకూడదు. సీసం, పాదరసం భయం ఉంది.

ఏ మూలిక వాడుతున్నా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా ఆపించి ఆసుపత్రికి పంపండి. డబ్బా మీది బ్యాచ్ నంబరు రాసుకుని మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే 1800-180-3024 హెల్ప్‌లైన్‌కి చెప్పండి.