వెయ్యి మందిని నిలబెట్టాక తేలిన లెక్క

బీఎస్సీ మొదటి ఏడాది, స్టాటిస్టిక్స్ స్లిప్ టెస్టులో నాకు 20కి 6 మార్కులు వచ్చాయి. సూత్రాలన్నీ కంఠస్థమే! జవాబు పత్రం ముందేసుకుని కూర్చుంటే అసలు పొరపాటు కనిపించింది. 'జబ్బు ఉంటే పాజిటివ్ వచ్చే సంభావ్యత', 'పాజిటివ్ వస్తే జబ్బు ఉండే సంభావ్యత' నాకు ఒకటే అయిపోయాయి.

దాంతో భిన్నాలు పక్కన పెట్టి మనుషులను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నన్ను ముంచిన లెక్కే చూడండి. నూటికి ఒకరికి జబ్బు ఉంది. జబ్బున్నవారిలో 90 శాతం మందిని పరీక్ష పట్టుకుంటుంది. లేనివారిలోనూ 10 శాతం మందికి తప్పుగా పాజిటివ్ చూపిస్తుంది. పాజిటివ్ వచ్చిన మనిషికి జబ్బు ఉండే అవకాశం ఎంత? నేను రాసింది 90 శాతం.

ఇప్పుడు 1000 మందిని వరసగా నిలబెట్టండి. జబ్బున్నవారు 10 మంది, వారిలో పాజిటివ్ 9. లేనివారు 990 మంది, వారిలో పాజిటివ్ 99. మొత్తం 108 మందిలో నిజంగా జబ్బున్నది 9 మందికి, అంటే పన్నెండింట ఒక వంతు! ఇలా ఫలితం తెలిశాక కారణం సంభావ్యతను లెక్కకట్టే బేయీ సూత్రంలో హారం అంత పొడవెందుకో, పాజిటివ్ వచ్చిన ఆ 108 మందినీ చూశాకే అర్థమైంది.

పరస్పర వివర్జిత ఘటనలను (ఒకటి జరిగితే రెండోది జరగనివి) స్వతంత్ర ఘటనలని (ఒకటి జరగడం రెండోదాని సంభావ్యతను మార్చనివి) రాసే జబ్బు కూడా నాకుండేది. పాచిక మీద 2 పడిందంటే 5 పడలేదని తెలిసిపోతుంది. ఇక స్వాతంత్ర్యం ఎక్కడిది?

పేకముక్కల లెక్కలది వేరే గొడవ. మా ఇంట్లో పేక నిషేధం కాబట్టి ఇస్పేటు ఏదో, కళావరు ఏదో తెలియదు. చివరికి కాగితాలు కత్తిరించి 52 ముక్కలూ నేనే గీసుకున్నాను. అవి చూసి నాన్న రెండు రోజులు మాట్లాడలేదు.