శాంప్లర్ ఓఎస్ అప్‌డేట్ చేసే ముందు

శాంప్లర్ అంటే శబ్దాలు రికార్డు చేసి వాయించుకునే మ్యూజిక్ మెషీన్, ఓఎస్ దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్. ముందు బ్యాకప్. ప్రాజెక్టులు, శాంపిల్స్ (అందులో దాచుకున్న శబ్దాల ముక్కలు) అన్నీ కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. కాపీ అయిందిలే అని వదిలేయకుండా రెండు మూడు ఫైళ్లు తెరిచి వినండి. నేనోసారి వినలేదు. తర్వాత చూస్తే ఫోల్డర్ పేర్లున్నాయి, లోపల డ్రమ్స్ లేవు.

రిలీజ్ నోట్స్ (కొత్త వెర్షన్‌లో ఏం మారిందో కంపెనీ రాసేవి) చదవండి. కొన్ని మెషీన్లు పాత ఓఎస్‌కి వెనక్కి వెళ్లనివ్వవు. కొత్తదాంట్లో సేవ్ చేసిన ప్రాజెక్టు పాతదాంట్లో తెరుచుకోకపోవచ్చు కూడా.

మెమరీ కార్డుతో అప్‌డేట్ అయితే దాన్ని శాంప్లర్‌లోనే ఫార్మాట్ చేయడం మేలు (బ్యాకప్ అయ్యాకే సుమా!). డౌన్‌లోడ్ చేసిన జిప్ విప్పి, అప్‌డేట్ ఫైల్‌ని మాన్యువల్ చెప్పిన చోటే పెట్టండి. డౌన్‌లోడ్‌లో పేరు చివర ‘(1)’ చేరిందేమో చూడండి, దానికే కొన్ని మెషీన్లు ఫైల్‌ని గుర్తుపట్టవు.

బ్యాటరీ మీద వద్దు, అడాప్టర్ పెట్టండి. అప్‌డేట్ ఎంతవరకు అయిందో చూపే బార్ మధ్యలో ఆగినట్టు కనిపించినా టెన్షన్ పడి స్విచ్ నొక్కేయకండి.

రేపు ప్రోగ్రామ్ ఉందా? అయితే ఇవాళ ముట్టుకోకండి.