వైఫై కలవగానే సెన్సార్ రీడింగ్ ఆగిపోతోందా? ముందు పిన్ను నంబరు చూడండి

విశాఖలో కాలేజీ పిల్లలకి పెట్టే ఐఓటీ (వస్తువుల్ని నెట్‌కి కలిపే టెక్నాలజీ) వర్క్‌షాపుల్లో మధ్యాహ్నం సెషన్‌కి ఏదో ఒక బల్ల దగ్గర ఈ గొడవ తప్పదు. వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు ఈఎస్‌పీ32కి ఎంక్యూ-135 గ్యాస్ సెన్సార్ తగిలించారు. పొద్దున సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపేది కంప్యూటర్‌లో చూపే విండో) అంకెలు చక్కగా కదిలాయి. శానిటైజర్ తడిపిన దూది దగ్గర పెడితే పెరిగాయి కూడా. తర్వాత అదే కోడ్‌లో వైఫై కలిపారు. బోర్డు నెట్‌కి కనెక్ట్ అయింది, డేటా పైకి వెళ్తోంది, కానీ రీడింగ్ మాత్రం అన్నిటికన్నా తక్కువైన 0 దగ్గరో, అన్నిటికన్నా ఎక్కువైన 4095 దగ్గరో నిలబడిపోయింది.

అసలు హాట్‌స్పాటే దొరకట్లేదంటే అది వేరే సంగతి. ఈ బోర్డుకి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే అందుతుంది, ఫోన్‌లో బ్యాండ్ మార్చండి.

రీడింగ్ ఆగిందనగానే సెన్సార్ కాలిపోయిందని కొత్తది కొంటారు, లైబ్రరీలు తీసేసి మళ్లీ వేస్తారు. సిగ్నల్ వైరు ఏ పిన్నులో ఉందో మాత్రం ఎవరూ చూడరు. దయచేసి మొదట అదే చూడండి.

ఈఎస్‌పీ32లో అనలాగ్ వోల్టేజీని (కొద్దికొద్దిగా పెరిగి తగ్గేదాన్ని) అంకెగా మార్చే భాగాలు రెండున్నాయి, ఏడీసీ1, ఏడీసీ2. వైఫై నడిచేటప్పుడు ఏడీసీ2ని వైఫై డ్రైవరే వాడుకుంటుంది, మన కోడ్‌కి దొరకదు. 0, 2, 4, 12, 13, 14, 15, 25, 26, 27 నంబర్ల పిన్నులన్నీ దాని కిందవే. వైఫై లేనప్పుడు ఇవి బాగానే పనిచేస్తాయి కాబట్టే పొద్దున ఎవరికీ అనుమానం రాదు. పైగా రీడింగ్‌ని నేరుగా అంకెలుగా పంపే డీహెచ్‌టీ11 లాంటి డిజిటల్ సెన్సార్‌ని 4వ పిన్నుకి పెడితే వైఫై ఉన్నా రీడింగ్ ఇస్తుంది. ఇబ్బంది అనలాగ్‌కే. అది చూసి "పిన్ను బాగానే ఉంది సార్" అని ధీమాగా చెప్తారు, అక్కడే గంటలు పోతాయి. ఆర్డునో ఊనో అనే బోర్డు మీద నేర్చుకుని వచ్చినవాళ్లు ఇందులో ఎక్కువగా ఇరుక్కుంటారు, ఎందుకంటే అందులో ఏ0 నుంచి ఏ5 దాకా ఉన్న అనలాగ్ పిన్నుల్లో ఏది వాడినా నడుస్తుంది.

తేల్చుకోవడం తేలిక. వైఫై మొదలుపెట్టే లైన్ ముందు // పెట్టి, అది నడవకుండా కామెంట్ చేసి మళ్లీ అప్‌లోడ్ చేయండి. రీడింగ్ తిరిగొస్తే కారణం దాదాపు ఇదే. వైరుని ఏడీసీ1 కిందున్న 32, 33, 34, 35 పిన్నుల్లో ఒకదానికి మార్చండి. బోర్డు మీద వీపీ, వీఎన్ అని ఉన్నవి 36, 39, అవీ పనికొస్తాయి. కోడ్‌లో నంబరు మార్చడం మరిచిపోకండి, వైరు మార్చి కోడ్ వదిలేసేవాళ్లు చాలామంది. 34 నుంచి 39 దాకా ఉన్నవి ఇన్‌పుట్‌కే, వాటికి ఎల్‌ఈడీ పెట్టకండి.

పిన్ను సరిగ్గానే ఉండి 4095 దగ్గరే ఉంటే వోల్టేజీ చూడండి. ఎంక్యూ-135 నడిచేది 5 వోల్టుల మీద, ఈఎస్‌పీ32 పిన్ను తట్టుకునేది 3.3. రెండు 10 కిలో ఓమ్ రెసిస్టర్లు తీసుకుని, ఒకటి సెన్సార్ సిగ్నల్ నుంచి పిన్నుకి, ఇంకొకటి ఆ పిన్ను నుంచి గ్రౌండ్‌కి పెట్టి వోల్టేజీ సగం చేయండి.

ఇక మిగిలినవి అరుదు. మన ఉప్పుగాలికి పాత జంపర్ వైర్ల కొనలు తుప్పు పడతాయి, అనుమానం ఉంటే మార్చేయండి. చిప్పే పోయిందనేది చివరి మాట, నాకు చాలా తక్కువసార్లు ఎదురైంది.